0.1 తేడా: గురిని కదిలించే గాలి, గుండె, కాలం

ఒక సీజన్, మూడు తుపాకులు

అంతర్జాతీయ షూటింగ్ సీజన్ ఒక ఊళ్లో ముగిసే టోర్నీ కాదు. నెలల తరబడి దేశం తర్వాత దేశం తిరుగుతుంది. 2025 సీజన్‌నే చూస్తే, ప్రపంచకప్ పోటీలు ఏప్రిల్‌లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో మొదలై వెంటనే పెరూ రాజధాని లిమాకు వెళ్లాయి. అక్కడి నుంచి దారులు చీలాయి. రైఫిల్, పిస్టల్ వాళ్లు జూన్‌లో మ్యూనిక్‌కు, సెప్టెంబరులో చైనాలోని నింగ్బోకు వెళ్లారు. షాట్‌గన్ వాళ్లు మేలో సైప్రస్‌లోని నికోసియాకు, జూలైలో ఇటలీలోని లొనాటోకు వెళ్లారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు కూడా విడివిడిగానే జరిగాయి: షాట్‌గన్‌కు అక్టోబరులో ఏథెన్స్, రైఫిల్, పిస్టల్‌కు నవంబరులో కైరో. డిసెంబరులో దోహాలో ప్రపంచకప్ ఫైనల్‌తో ఏడాది ముగిసింది. ఈ పోటీలన్నిటినీ నడిపేది 1907లో పుట్టిన అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య. ప్రపంచకప్ పద్ధతి 1986లో వచ్చింది.

ఆ సెప్టెంబరులో నింగ్బోలో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో స్వర్ణం గెలిచింది. ఫైనల్లో 24 షాట్లకు ఆమె స్కోరు 242.6. రెండో స్థానంలో నిలిచిన చైనా షూటర్ యావో చియాన్‌షున్‌ది 242.5. ఇద్దరూ ఒకే హాల్లో నిలబడి, ఒకే రకం గుండ్లతో, ఒకే దూరంలోని గురిని కొట్టారు. ఇరవై నాలుగు సార్లు ట్రిగ్గర్ నొక్కాక మిగిలిన తేడా పదో వంతు పాయింటు.

ఇది అదృష్టమా? ఒక్క పోటీనే చూస్తే అలాగే అనిపించవచ్చు. కానీ ఏడాదంతా అవే కొన్ని పేర్లు ఫైనల్స్‌కు చేరుతుంటే అదృష్టం అన్న మాట నిలవదు. అదే ఈషా నవంబరులో కైరోలో 25 మీటర్ల పిస్టల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం కూడా తెచ్చుకుంది. ఆ పదో వంతు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే, తుపాకీ గొట్టం నుంచి గురి దాకా గుండుకు ఏం జరుగుతుందో, గుండు బయల్దేరేముందు మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో వరుసగా చూడాలి.

ఒలింపిక్స్‌లో ఉన్న వ్యక్తిగత షూటింగ్ పోటీలు పన్నెండు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్, 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమలు, 25 మీటర్ల పిస్టల్ (పురుషులకు ర్యాపిడ్ ఫైర్), ఎగిరే క్లే పళ్లేలను కొట్టే ట్రాప్, స్కీట్ - ఇవే పురుషులకు, మహిళలకు విడిగా ఉంటాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఒక్కో పోటీ ఒక్కో రకం ఆటంకాన్ని వేరుచేసి షూటర్ ముందు పెడుతుంది. పది మీటర్ల హాల్లో ఆటంకం సొంత ఒళ్లే. యాభై మీటర్ల మైదానంలో వాతావరణం. షాట్‌గన్‌లో కాలం.

బాక్సు: పదో వంతు అంటే ఎన్ని మిల్లీమీటర్లు?

ఎయిర్ పిస్టల్ గురిలో ఒక వలయం నుంచి పక్క వలయానికి దూరం 8 మిల్లీమీటర్లు. కాబట్టి పదో వంతు అంటే 0.8 మిల్లీమీటర్లు. ఎయిర్ రైఫిల్‌లో వలయాల మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లే. అక్కడ పదో వంతు అంటే పావు మిల్లీమీటరు. రైఫిల్ గురి మధ్యలోని పది అర మిల్లీమీటరు చుక్క మాత్రమే. కొట్టే గుండు వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, అంటే గుండు కన్నా ఆ చుక్క చిన్నది. గుండు అంచు వలయాన్ని తాకినా ఆ వలయం పాయింట్లు వస్తాయి గనుక ఈ లెక్క కుదురుతుంది. గరిష్ఠ స్కోరు 10.9 రావాలంటే రైఫిల్ గుండు నడిమధ్య నుంచి పావు మిల్లీమీటరు లోపలే పడాలి. ఈషా నింగ్బో ఫైనల్ సగటు 10.1. అంటే పిస్టల్‌ను ఒంటిచేత్తో పట్టుకుని, పది మీటర్ల అవతల, కేంద్రానికి సగటున ఏడు మిల్లీమీటర్ల దూరంలో ఇరవై నాలుగు గుండ్లు దింపడం.

గొట్టంలో గడిచే క్షణం

ఎయిర్ గన్‌లో మందుగుండు ఉండదు. బారెల్ కింద బిగించిన సిలిండర్‌లో సుమారు 200 బార్‌ల ఒత్తిడితో గాలి నింపుతారు. అది నేరుగా గుండును తోస్తే మొదటి షాట్ బలంగా, యాభయ్యోది నీరసంగా వెళ్తుంది. అందుకే మధ్యలో ఒక రెగ్యులేటర్ ఉంటుంది. సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉన్నా, ఒక్కో షాట్‌కు అంతే కొలతగా గాలిని అది వదులుతుంది. పూర్వం ఇదే పనికి కార్బన్ డయాక్సైడ్ వాడేవారు. దాని ఒత్తిడి ఎండతో పాటు పెరుగుతుంది, చలికి పడిపోతుంది. ఉదయం సరిచేసుకున్న సైట్ (గురి చూసే అమరిక) మధ్యాహ్నానికి తప్పేది. మామూలు గాలికి మారాక ఆ గొడవ చాలావరకు తీరింది.

ఒత్తిడి ఎందుకంత ముఖ్యమంటే, గుండు బయటపడిన క్షణం నుంచే కిందికి పడుతూ ఉంటుంది. రైఫిల్ గుండు సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. పది మీటర్లు దాటడానికి సెకనులో ఆరు శాతం కాలం చాలు. ఆ కాస్తలోనే అది సుమారు 1.7 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. సైట్‌ను ఆ మేరకు పైకి సర్దుకుంటారు గనుక దిగడం వల్ల నష్టం లేదు. ప్రతిసారీ ఒకేలా దిగకపోతేనే నష్టం. వేగం సెకనుకు రెండు మీటర్లు తగ్గితే గుండు 0.4 మిల్లీమీటర్లు కిందికి పోతుంది. రైఫిల్‌లో అది పదో వంతు పాయింటు కన్నా ఎక్కువ. పోటీ షూటర్లు గుండ్లను డబ్బా డబ్బాగా పరీక్షించి, తమ బారెల్‌కు నప్పిన తయారీనే కొనుక్కోవడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ట్రిగ్గర్ విడిచాక కూడా గుండు వెంటనే బయటికి రాదు. లోపలి సుత్తి కదలాలి, కవాటం తెరుచుకోవాలి, గాలి తోయాలి, గుండు బారెల్ పొడవునా జారాలి. అన్నీ కలిపి సెకనులో వెయ్యో వంతులు కొన్ని గడుస్తాయి. ఆ లోపల మణికట్టు వదులైతే గుండు ఆ వదులునే గురికి మోసుకుపోతుంది. కాల్చిన తర్వాత కూడా షూటర్ ఒకట్రెండు సెకన్లు అలాగే కదలకుండా నిలబడడం చూసేవారికి వింతగా ఉంటుంది. గుండు బయటికి పోయేదాకా ఏమీ మారకూడదని శరీరానికి నేర్పే పద్ధతి అది.

కన్ను ఎక్కడ నిలవాలి

పిస్టల్ మీద రెండు సైట్లు ఉంటాయి. చేతి దగ్గర వెనుక సైట్‌లో ఒక గాడి, బారెల్ చివర ముందు సైట్‌లో ఒక దిమ్మ. దిమ్మను గాడి నడుమ నిలిపి, దాని వెనుక గురి చూడాలి. మనిషి కన్ను ఈ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. ఒకటి స్పష్టమైతే మిగతావి మసకబారతాయి. కొత్తవాళ్లు సహజంగా గురినే చూస్తారు. శిక్షకులు మొదట మాన్పించే అలవాటు అదే. ముందు సైట్‌ను చూడు, గురి మసకగా ఉన్నా పర్వాలేదు అంటారు.

దీనికి కారణం జ్యామితిలో ఉంది. పిస్టల్ మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు కూడా గురి దగ్గర ఒక మిల్లీమీటరే జరుగుతుంది. కానీ ముందు సైట్ మాత్రమే వెనుక సైట్‌తో పోలిస్తే ఒక మిల్లీమీటరు పక్కకు తిరిగితే, రెండు సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుంటే, పది మీటర్ల దగ్గర తప్పు 30 మిల్లీమీటర్లవుతుంది. పావు మిల్లీమీటరు వంకరే పదిని తొమ్మిది చేయడానికి దాదాపు చాలు. చేయి ఊగడం చిన్న తప్పు, మణికట్టు తిరగడం పెద్ద తప్పు. ఆ పెద్ద తప్పును పసిగట్టే చోటు ముందు సైట్ కాబట్టి కన్ను అక్కడే నిలవాలి.

రైఫిల్‌లో వెనుక సైట్ ఒక చిన్న రంధ్రం. సన్నని రంధ్రంలోంచి చూస్తే దగ్గరివీ దూరంవీ రెండూ ఒక మోస్తరు స్పష్టంగా కనిపిస్తాయి. కళ్లద్దాలు లేనప్పుడు కళ్లు చికిలించి బోర్డు చదివేవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. రైఫిల్ స్కోర్లు పిస్టల్ కన్నా ఎక్కువగా ఉండడానికి ఈ రంధ్రం, రెండు చేతుల ఆధారం, భుజానికి ఆనే కట్టె, గట్టి గుడ్డతో కుట్టిన జాకెట్ అన్నీ కారణమే. గురిని అందుకు తగినంత చిన్నదిగా చేసి నియమాలు ఆ సౌకర్యానికి లెక్క సరిచేశాయి.

గుండె దెబ్బల మధ్య

కదలకుండా నిలబడిన మనిషి నిజానికి కదులుతూనే ఉంటాడు. కండరాలు సెకనుకు సుమారు పదిసార్లు సన్నగా వణుకుతాయి. ఊపిరి ఛాతీని ఎత్తుతుంది, దించుతుంది. నిలబడ్డ ఒళ్లు చీలమండల మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. వీటన్నిటికీ మించి గుండె ఉంది. ప్రతి దెబ్బకూ రక్తం ధమనుల్లోకి దూకినప్పుడు ఆ అదురు భుజం మీదుగా తుపాకీ దాకా చేరుతుంది. ఊపిరిని కాసేపు ఆపవచ్చు, గుండెను ఆపలేం.

అందుకని మంచి షూటర్లు గుండెతో సర్దుకుంటారు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య గుండె సడలి రక్తం నింపుకునే విరామం ఉంటుంది. నిమిషానికి డెబ్భై సార్లు కొట్టుకునే గుండెలో ఆ విరామం అర సెకను దాకా ఉంటుంది. 1987లో ఫిన్లాండ్ పరిశోధకులు షూటర్ల గుండె తరంగాలనూ ట్రిగ్గర్ నొక్కిన క్షణాలనూ కలిపి చూశారు. ఆరితేరినవాళ్లు ఆ విరామంలోనే కాల్చారు. కొత్తవాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు కాల్చారు. ఆరితేరినవాళ్లు గుండె చప్పుడు లెక్కపెట్టుకుని కాల్చరు. సైట్ ఎప్పుడు నిలకడగా ఉంటుందో శరీరమే వేల షాట్ల సాధనతో నేర్చుకుంటుంది.

గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు ఈ ఆటలో నిషిద్ధం కావడానికి కారణం కూడా ఇదే. చాలా ఆటల్లో ఈ మందులు పనికిరావు, షూటింగ్‌లో మాత్రం నేరుగా పాయింట్లు తెస్తాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు పిస్టల్ పోటీల్లో రజతం, కాంస్యం గెలిచి, ప్రొప్రానొలోల్ బయటపడడంతో రెండూ పోగొట్టుకున్నాడు.

ఊపిరిది ఇంకో తూకం. సగం వదిలి ఆపితే ఛాతీ నిలుస్తుంది. ఎనిమిది పది సెకన్లు దాటితే ఆక్సిజన్ తగ్గి, అందరికన్నా ముందు కన్ను ఆ సంగతి చెబుతుంది, సైట్ మసకేస్తుంది. అప్పుడు కాల్చడం కన్నా తుపాకీ దించడం మేలు. దించి మళ్లీ ఎత్తగలగడమే ఓపిక, ఫైనల్లో గడియారం నడుస్తుండగా అది ఇంకా కష్టం. పిస్టల్ పట్టిన చెయ్యి ఒకటే కాబట్టి ఎత్తిన ప్రతిసారీ దాదాపు కిలో బరువు భుజం మీద పడుతుంది.

ఇలాంటి పదో వంతుల పోరు హైదరాబాద్‌కు కొత్త కాదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. అర్హత పోటీలో 598, ఫైనల్లో 103.1, మొత్తం 701.1. స్వర్ణం గెలిచిన రొమేనియా షూటర్ మొల్దొవెయానుది 702.1, రజతం గెలిచిన ఇటలీ షూటర్ కాంప్రియానిది 701.5. డెబ్భై షాట్ల తర్వాత రజతానికీ కాంస్యానికీ తేడా 0.4. అప్పట్లో అర్హత స్కోరును ఫైనల్లో కలిపేవారు. 2013 నుంచి ఫైనల్‌ను సున్నాతో మొదలుపెడుతున్నారు. అంతకుముందు రోజంతా బాగా కాల్చినవాళ్లు కూడా చివరి గంటలో మిగతా ఏడుగురితో సమానంగా నిలబడాలి. న్యాయమా అన్నది వేరే చర్చ. చూసేవారికి ఉత్కంఠ మాత్రం పెరిగింది.

హైదరాబాద్‌కే చెందిన ధనుష్ శ్రీకాంత్ కథ శరీరం గురించి ఇంకో మాట చెబుతుంది. పుట్టుకతోనే వినికిడి లేని ఈ కుర్రాడు బ్రెజిల్‌లో 2022లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచి, 2023లో జర్మనీలోని సూల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో వినికిడి ఉన్నవాళ్లతో పోటీపడి కూడా స్వర్ణం తెచ్చాడు. చూపు, సమతూకం, వేలి స్పర్శ - పది మీటర్ల రైఫిల్ అడిగేవి ఇవే.

ముదిగుబ్బ చేలో యాభై మీటర్లు

హాలు దాటి ఆరుబయటికి వస్తే లెక్క మారిపోతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి అనంతపురం పీఠభూమి కన్నా మంచి చోటు దొరకదు. అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో, ధర్మవరం-పాకాల రైలు మార్గం మీద ఉన్న ముదిగుబ్బ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పడమటి కనుమల చాటున ఉన్న ఈ నేలకు నైరుతి రుతుపవనాలు కనుమల అవతలే వానను కురిపించేసి గాలిని మాత్రం తెస్తాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే. గాలికి మాత్రం కొదవ లేదు. రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. చెట్టూ చేమా పలచన కావడంతో వేరుశనగ చేల మీద ఆ గాలికి అడ్డు ఉండదు.

ఆ చేలో ఒక కొసన షూటర్‌ను, యాభై మీటర్ల అవతల గురిని నిలిపితే ఏమవుతుంది? 50 మీటర్ల రైఫిల్‌లో వాడేది 5.6 మిల్లీమీటర్ల సీసపు తూటా. సెకనుకు దాదాపు 325 మీటర్ల వేగంతో బయల్దేరి, సెకనులో ఆరో వంతు కాలంలో గురి చేరుతుంది, ఆలోపు పన్నెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. గురిలో పది అంటే 10.4 మిల్లీమీటర్ల వలయం. ఆకులు కదిలేంత గాలి, సెకనుకు రెండు మీటర్లది, పక్క నుంచి వీస్తే తూటా సుమారు ఒక సెంటీమీటరు పక్కకు పోతుంది. వలయాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. అంటే ముఖానికి చల్లగా తగిలే పిల్లగాలి ఒక పాయింటుకు పైగా తినేస్తుంది. జూలైలో ముదిగుబ్బలో వీచే గాలికి అది చాలా తక్కువ కొలత.

గాలి తోసే తీరులో రెండు విచిత్రాలున్నాయి. తూటా బారెల్‌లోని గాళ్ల వల్ల గిర్రున తిరుగుతూ వెళ్తుంది. తిరిగే వస్తువును పక్క నుంచి తోస్తే అది నేరుగా పక్కకు పోదు, కాస్త పైకో కిందికో కూడా జరుగుతుంది. కుడివైపు తిరిగే తూటాకు కుడి నుంచి గాలి వీస్తే దెబ్బ ఎడమకూ కొంచెం పైకీ పడుతుంది. ఎడమ నుంచి వీస్తే కుడికీ కొంచెం కిందికీ పడుతుంది. రెండోది, గురి దగ్గరి గాలి కన్నా షూటర్ దగ్గరి గాలే ఎక్కువ చెరుపు చేస్తుంది. దారి మొదట్లోనే తూటా వంగితే ఆ వంపు చివరిదాకా పెరుగుతూ పోతుంది. అందుకే 50 మీటర్ల రేంజిలో పది, ముప్పై మీటర్ల దగ్గర సన్నని గుడ్డ జెండాలు కడతారు. షూటర్ జెండాలనూ సైట్‌నూ మార్చి మార్చి చదువుతాడు. రెండు జెండాలు రెండు దిక్కులు చూపిన రోజున అనుభవం ఉన్నవాళ్లు మాత్రమే పదులు కొడతారు.

జెండాల కన్నా నమ్మకమైన సాక్షి ఇంకొకటి ఉంది, ఎండమావి. ఏప్రిల్ మధ్యాహ్నం కదిరి రోడ్డు మీద దూరంగా నీళ్లు పారుతున్నట్టు కనిపించేదే షూటర్ దూరదర్శినిలోనూ కనిపిస్తుంది. ఎండకు కాగిన ఎర్రనేల ఉష్ణోగ్రత యాభై డిగ్రీలు దాటుతుంది. నేలను ఆనుకున్న గాలి వేడెక్కి పలచబడుతుంది, పైన గాలి అంతకన్నా చల్లగా, చిక్కగా ఉంటుంది. పలచని పొర నుంచి చిక్కని పొరకు పోతున్న వెలుగు వంగుతుంది. పొరలు కదులుతుంటే గురి బొమ్మ కూడా అలలు అలలుగా ఊగుతుంది. గాలి ఎడమ నుంచి వీస్తే ఆ అలలు కుడికి పారుతాయి. గాలి ఆగితే నీళ్లు మరిగినట్టు నిట్టనిలువుగా లేస్తాయి. అలలు సన్నగా, వేగంగా పారితే గాలి ఎక్కువ. అలల నడక చదవడం నేర్చిన షూటర్ జెండా కదలకముందే గాలి మారిందని తెలుసుకుంటాడు. తుపాకీ బారెల్ వేడెక్కినప్పుడు కూడా దాని మీద ఇలాంటి అలలే లేచి సైట్‌కు అడ్డం వస్తాయి. వాటిని పక్కకు మళ్లించడానికి బారెల్ మీద ఒక పట్టీ కడతారు.

పీఠభూమి వేడి ఒక మేలు కూడా చేస్తుంది. సముద్ర తీరంలోని చల్లని గాలితో పోలిస్తే, కొన్ని వందల మీటర్ల ఎత్తున నలభై డిగ్రీల ఎండలో గాలి సాంద్రత సుమారు పదో వంతు తక్కువ. తూటాను అది అంత తక్కువగా ఆపుతుంది, పక్కకు తోయడం కూడా ఆ మేరకు తగ్గుతుంది. సెంటీమీటరులో ఒక మిల్లీమీటరు మిగులు. ముదిగుబ్బ గాలి వేగం ముందు అది నిలవదు.

బాక్సు: వేగం పెంచితే గాలి దెబ్బ తగ్గుతుందా?

తగ్గదు, ఈ తూటా విషయంలో పెరుగుతుంది. గాలి పక్కకు తోసే దూరాన్ని నిర్ణయించేది తూటా మొత్తం ప్రయాణ కాలం కాదు. గాలి రాపిడి లేకపోతే పట్టే కాలం కన్నా ఎంత ఆలస్యమైంది అన్నదే లెక్క. ఆ ఆలస్యం సెకనులో వెయ్యికి ఐదారు వంతులు. రాపిడి ఎక్కువైతే ఆలస్యం పెరుగుతుంది. శబ్ద వేగం దగ్గరికి వచ్చేసరికి రాపిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. శబ్దం కన్నా వేగంగా బయల్దేరిన తూటా ఆ గోడను దాటి కిందికి దిగేటప్పుడు బాగా నెమ్మదిస్తుంది, కొద్దిగా తొణుకుతుంది కూడా. అందుకే పోటీ తూటాలన్నీ శబ్ద వేగానికి కాస్త తక్కువలో ఉండేలా తయారవుతాయి. ముదిగుబ్బ నలభై డిగ్రీల ఎండలో శబ్ద వేగం సెకనుకు 355 మీటర్లు, పది డిగ్రీల చలిలో 337. చలి రోజున అదే తూటా ఆ గోడకు ఇంకా దగ్గరవుతుంది.

ఎగిరే క్లే

షాట్‌గన్ పోటీల్లో గురి నిలబడి ఉండదు. తారు కలిసిన జిగురు, సున్నపురాయి పొడితో చేసిన 110 మిల్లీమీటర్ల పళ్లెం, బరువు 105 గ్రాములు, గంటకు వంద కిలోమీటర్ల దగ్గర వేగంతో లేస్తుంది. ట్రాప్‌లో అది షూటర్‌కు పదిహేను మీటర్ల ముందున్న కందకంలోంచి పైకి వచ్చి దూరంగా పోతుంది. ఎడమకా, కుడికా, నేరుగానా అన్నది ముందు తెలియదు. అర్హత పోటీలో ఒక్కో క్లేకు రెండు తూటాలు వాడుకోవచ్చు. స్కీట్‌లో రెండు పక్కల గూళ్ల నుంచి క్లేలు అడ్డంగా ఎగురుతాయి, ఒక్కో క్లేకు ఒక్కటే తూటా. తుపాకీ మడమను నడుము దగ్గర ఉంచుకుని నిలబడాలి. క్లే కోసం పిలిచాక అది వెంటనే రావచ్చు, మూడు సెకన్లు ఆలస్యంగానూ రావచ్చు.

తూటాలో 24 గ్రాముల సీసపు రవ్వలుంటాయి, సుమారు మూడు వందలు. ముప్పై అయిదు మీటర్ల దగ్గర అవి ముప్పావు మీటరు వెడల్పున గుంపుగా పరుచుకుంటాయి. ఆ గుంపులో క్లే ఉంటే చాలు, ఒక ముక్క కనిపించేలా విరిగినా పాయింటే. వినడానికి సులువు. చిక్కు కాలంలో ఉంది. స్కీట్‌లో క్లే సెకనుకు ఇరవై మీటర్ల పైగా వేగంతో అడ్డంగా పోతుంది. రవ్వలు దాన్ని చేరడానికి సెకనులో ఆరు శాతం కాలం పడుతుంది. ఆలోపు క్లే మీటరుకు పైగా ముందుకు పోతుంది. క్లేను చూసి క్లే మీదే కాలిస్తే ఖాళీ గాలికే తగులుతుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల మీదికి వడిసెల విసిరేవారికి ఇది చెప్పనక్కర్లేదు. పిట్ట ఎక్కడ ఉందో అక్కడికి కాదు, రాయి చేరేసరికి ఎక్కడ ఉంటుందో అక్కడికి విసరాలి.

మనిషి చూసిన దానికి స్పందించడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ట్రాప్ క్లే మొదటి షాట్‌కు అందే దూరంలో ఉండేది ఒక సెకను కూడా కాదు. కాబట్టి కోణం లెక్కవేసే వ్యవధి లేదు. ఆరితేరిన షూటర్ చూపు క్లే మీదే స్థిరంగా నిలుస్తుంది, తుపాకీ దాని వెంట ఊగుతూ దాన్ని దాటుతుంది, దాటిన క్షణంలో వేలు కదులుతుంది, కాల్చాక కూడా ఊపు ఆగదు. రైఫిల్ షూటర్ నేర్చేది నిశ్చలం, ట్రాప్ షూటర్ నేర్చేది ఊపు. మెదడు పని మాత్రం రెండింటా ఒకటే, ఆలోచనను తీసేసి అలవాటును మిగల్చడం.

హైదరాబాద్ ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధులతో కలిసి జట్టు స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం గెలిచాడు. అవే క్రీడల్లో ఈషాకు నాలుగు పతకాలు వచ్చాయి.

ఎండ క్లేలకు కూడా తగులుతుంది. వాటిలోని జిగురు రోడ్డు తారు లాంటిదే. మండుటెండలో మెత్తబడితే రవ్వలు దూరిపోతాయి గానీ పళ్లెం పగలదు. చలికి పెళుసెక్కితే యంత్రంలోనే విరుగుతుంది. క్లేలను నీడలో దాచడం నిర్వాహకుల బాధ్యత.

లెక్క కట్టేది ఎవరు

పదో వంతును కంటితో చూడలేం. ఒకప్పుడు కాగితపు గురుల మీద కొలబద్ద గుచ్చి, భూతద్దంతో చూసి తేల్చేవారు. ఇప్పుడు గురే లెక్క చెబుతుంది. ఒక పద్ధతిలో గురి మూలల్లో మైకులుంటాయి. గుండు దూసుకుపోయిన చప్పుడు ఒక్కో మైకుకు ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ తేడాల నుంచి గుండు ఎక్కడ దూరిందో యంత్రం లెక్కిస్తుంది. గాలి ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే శబ్ద వేగం సుమారు రెండు శాతం మారుతుంది. ఆ మార్పును యంత్రం సరిచేసుకోకపోతే కేంద్రానికి దూరంగా పడిన దెబ్బలు తప్పుగా కనిపిస్తాయి. కాంతి కిరణాలను అడ్డుపెట్టి కొలిచే గురుల్లో ఈ ఇబ్బంది లేదు.

గది సరిపోయే ఆట, మైదానం అడిగే ఆట

సీజన్ మధ్యలో రైఫిల్, షాట్‌గన్ దారులు వేరు కావడానికి ఈ భౌతికశాస్త్రమే మూలం. ట్రాప్ రవ్వలు రెండు వందల మీటర్ల దాకా చెదిరిపడతాయి, దానికి ఖాళీ నేల కావాలి. యాభై మీటర్ల రేంజికి తూటాలను ఆపే గోడలు, పైన అడ్డు పలకలు, ఆయుధ లైసెన్సులు కావాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ గుండు శక్తి ఎనిమిది జౌల్‌ల లోపే. దానికి పొడవైన గది, గుండ్లను పట్టే డబ్బా, గాలి సిలిండర్, మంచి వెలుతురు చాలు. తెలుగు నేల నుంచి వచ్చిన షూటర్లలో ఎక్కువమంది పది మీటర్ల నుంచే మొదలుపెట్టడం యాదృచ్ఛికం కాదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన 2002 జాతీయ క్రీడల కాలంలో వచ్చిన రేంజి ఒక తరానికి ఆధారమైంది. గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పిస్టల్ పతకాలు తెచ్చాక ఆ ఆధారం హైదరాబాద్ దాటి విస్తరించాల్సిన అవసరం ఇంకా స్పష్టమైంది.

అనంతపురం వైపు అలాంటి గది ఒక మండల కేంద్రంలోని బడిలో కూడా కుదురుతుంది. యాభై మీటర్ల రేంజి కట్టాలంటే మాత్రం నేలను చదివి కట్టాలి. ఎండ షూటర్ వెనుక ఉండేలా రేంజిని ఉత్తరానికి తిప్పుతారు. అప్పుడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వెనుక ఎడమ నుంచి ఏటవాలుగా వస్తుంది, పూర్తి పక్కగాలి కన్నా కొంత నయం. పక్కల మట్టికట్టలు పోసి, వేప, కానుగ వరుసలు పెంచితే గాలి తగ్గుతుంది గానీ వాటి వెంట సుడులు పుడతాయి, వాటిని జెండాలే పట్టించాలి. నేల కాగకముందు, తెల్లవారుజామున ఎండమావి ఉండదు, గాలి కూడా తక్కువ. కొత్తవాళ్లకు సాధన ఆ వేళ. గాలి చదవడం నేర్చుకోవాల్సినవాళ్లకు పదకొండు తర్వాతే అసలు పాఠం మొదలవుతుంది. 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన మ్యూనిక్ రేంజిలోనూ షూటర్ల ముందు గాలి మారుతూనే ఉంటుంది, జెండాలూ అలలూ అక్కడ కూడా ఇదే భాష మాట్లాడతాయి.